అప్‌డేట్: బైపాప్ మాస్కు బదులు క్యూరాస్

కండరాల బలహీనత వల్ల ఊపిరి చాలనివాళ్లకి, గాలిని లోపలికి నెట్టే బైపాప్ మాస్కు పడకపోతే, ఛాతీకి బిగించే క్యూరాస్ (గాలి లాగే మెషీన్‌కి తగిలించే గట్టి డొప్ప) పనికొస్తుందా అని ఇంతకుముందు అడిగాను. కొందరికి పనికొస్తుంది. 1928 నాటి ఐరన్ లంగ్ (మెడ దాకా ఒంటిని లోపల పెట్టి ఊపిరి ఆడించే పెద్ద డబ్బా) సూత్రమే: ఛాతీ చుట్టూ గాలి లాగేస్తే ఊపిరితిత్తులు విచ్చుకుంటాయి.

అసలు తంటా అంతా డొప్ప అంచు దగ్గరే. కాలర్ బోను కింద నుంచి పొట్ట పైభాగం దాకా కప్పి, ఫోమ్ సీలు ఒంటికి అతుక్కోవాలి. చంక పక్కన సందుంటే, మెషీన్‌లో మైనస్ 20 సెంటీమీటర్ల నీటి పీడనం పెట్టినా లోపల అంత నిలవదు. పట్టీ ఇంకా బిగిస్తే చర్మం ఒరుసుకుపోతుంది. సైజు మార్చాల్సిందే.

నిద్రలో మాత్రం జాగ్రత్త. గొంతు కండరాలు వదులైనప్పుడు ఈ లాగుడుకి గొంతు మూసుకుపోవచ్చు. స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉంటే ముందే డాక్టరుకి చెప్పాలి. ఆక్సిజన్ మాత్రమే చూపే ఆక్సీమీటరు ఒక్కటే చాలదు, రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ కూడా కొలిపించాలి.