ఎంసెట్‌కి వారమే ఉంది, సమాకలనులు (ఇంటిగ్రేషన్) సగంలోనే ఉన్నాయి, ఇప్పుడేం చేయాలి?

నల్గొండ_ఎంపీసీ:

అన్నలూ, అక్కలూ, సార్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నాది ఎంపీసీ, తెలుగు మీడియం, గవర్నమెంట్ జూనియర్ కాలేజీ. తెలంగాణ ఈఏపీసెట్ (మా ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటారు) ఇంకో వారం ఉంది. నాకు ఇంజినీరింగ్‌లో మూడో రోజు ఉదయం షిఫ్ట్ వచ్చింది, సెంటర్ ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. లెక్కల్లో ఫస్టియర్ పేపర్లు 1ఏ, 1బి పర్వాలేదు. సెకండియర్ 2బిలో వృత్తాలు, పరావలయం వచ్చు కానీ సమాకలనులు, అవకలన సమీకరణాలు సగంలో ఆగిపోయాయి. ఫిజిక్స్ అంటే మొదటి నుంచీ భయమే.

గ్రాండ్ టెస్టుల్లో (పూర్తి నమూనా పరీక్షల్లో) మార్కులు పెరగడం లేదు, మొన్నటి దాంట్లో ఇంకా తగ్గాయి. మ్యాథ్స్‌తో మొదలుపెడితే రెండు గంటలు అక్కడే అయిపోతున్నాయి, చివర్లో కెమిస్ట్రీ ప్రశ్నలు పూర్తిగా చదవడానికి కూడా టైం ఉండటం లేదు. డౌట్‌గా ఉన్నవి వదిలేస్తున్నాను, ముప్పై దాకా ఖాళీగా ఉండిపోతాయి, ఎందుకంటే మా క్లాసులో జేఈఈ రాసినవాళ్లు డౌట్ ఉంటే పెట్టొద్దు, మార్కులు పోతాయి అంటారు. ఈ వారంలో సమాకలనులు మొదటి నుంచి చదవాలా, వదిలేయాలా? రాత్రి రెండింటి దాకా కూర్చుంటున్నాను, పొద్దున్నే లేస్తే ఏమీ తలకెక్కడం లేదు. మంచి కాలేజీలో సీటు రాకపోతే డిగ్రీలో చేర్పిస్తానని నాన్న అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

లెక్కల_సార్:

అమ్మా, ముందు ఆ ఖాళీల సంగతి చూద్దాం, మిగతావన్నీ తర్వాత. ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది, అందుకే మీ క్లాసు పిల్లలు వదిలేయమంటున్నారు, ఆ పరీక్షకు అది సరైన మాటే, నీ పరీక్షకు కాదు. ఇక్కడ 160 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు, తప్పు రాస్తే పోయేదేమీ లేదు. ముప్పై ఖాళీగా వదలకుండా గుడ్డిగా పెట్టినా సగటున ఏడెనిమిది వస్తాయి. ఒక్కో ప్రశ్నలో కచ్చితంగా కాదని తెలిసిన ఒక్క ఆప్షన్ కొట్టేసి మిగిలిన మూడింటిలో ఒకటి పెడితే పది దాకా వస్తాయి. ర్యాంకులు కిక్కిరిసి ఉండే మధ్య మార్కుల దగ్గర ఆ పది మార్కులకు ఎంత తేడా వస్తుందో మీ సార్లను అడుగు. పైగా తెలంగాణలో ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు కాబట్టి ర్యాంకు ఈ మూడు గంటల మీదే ఆధారపడుతుంది. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

రెండోది, వరుస. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ఒక్కో ప్రశ్నకు సుమారు 67 సెకన్లు. కెమిస్ట్రీలో చాలావాటికి అంత టైం అక్కర్లేదు, చదవగానే తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. అందుకే కెమిస్ట్రీతో మొదలుపెట్టు, అరగంటలో బయటపడాలి. తర్వాత మ్యాథ్స్ 95 నిమిషాలు, ఫిజిక్స్ 45, చివరి పది నిమిషాలు మిగిలిన ఖాళీలు నింపడానికి. మ్యాథ్స్‌లో ఒక లెక్క రెండు నిమిషాలు దాటితే ఎంత దగ్గరికొచ్చినా సరే వదిలేసి ముందుకెళ్లు. మార్కులు పోయేది రాని లెక్కల దగ్గర కాదు, వస్తుందేమో అని కూర్చున్న లెక్కల దగ్గరే. నీకు రెండు గంటలు పోతున్నది కూడా అక్కడే అని నా నమ్మకం. ఈ వరుసను పరీక్ష రోజు మొదటిసారి ప్రయత్నించకు, మిగిలిన గ్రాండ్ టెస్టుల్లోనే అలవాటు చేసుకో.

ఇక సమాకలనులు. మొదటి నుంచి చదవొద్దు. ప్రామాణిక సూత్రాలు, విభాగ సమాకలనం, నిశ్చిత సమాకలనుల ధర్మాలు, ఇవి మాత్రం ఒక పూట చూడు. అనిశ్చిత సమాకలని ప్రశ్న వస్తే సాధించాలని పట్టుబట్టకుండా ఆప్షన్లను అవకలనం (డిఫరెన్షియేషన్) చెయ్యి. అవకలనం 1బిలోదే, నీకు 1బి పర్వాలేదన్నావు కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. ఎక్స్ సైన్ ఎక్స్ సమాకలని అడిగాడనుకో, ఆప్షన్లలో సైన్ ఎక్స్ మైనస్ ఎక్స్ కాస్ ఎక్స్ కనపడితే దాన్ని అవకలనం చేసి చూడు, కాస్ ఎక్స్‌లు రెండూ కొట్టుకుపోయి ఎక్స్ సైన్ ఎక్స్ మిగులుతుంది, అయిపోయింది. ద్విపద గుణకాల మొత్తాలకు ఎన్ స్థానంలో 2 పెట్టి ఆప్షన్లతో పోల్చు. నిర్ధారకాల్లో ఏ, బి, సి లకు చిన్న సంఖ్యలు ఇవ్వు. త్రికోణమితిలో మాత్రం 45 డిగ్రీలు పెట్టొద్దు, అక్కడ సైన్, కాస్ సమానమై రెండు ఆప్షన్లు ఒకేలా కనపడతాయి, 30 పెట్టు. పబ్లిక్ పరీక్షలో స్టెప్పులకు మార్కులు, ఇక్కడ జవాబుకే మార్కు, అందుకే ఈ పద్ధతి తప్పేమీ కాదు.

టాప్‌ర్యాంక్_2బి:

సార్ చెప్పింది ఒప్పుకుంటాను కానీ 2బి వదిలేయమంటే ఎలా? వారం అంటే తక్కువేం కాదు, రోజుకి పదహారు గంటలు కూర్చుంటే మొత్తం లాగేయొచ్చు. నిద్ర పరీక్ష అయ్యాక పోవచ్చు. ఇంకోటి, మొదటి రెండు రోజుల పేపర్లు రాసినవాళ్లు ఏ చాప్టర్ నుంచి ఎన్ని వచ్చాయో వీడియోలు పెడతారు, నీది మూడో రోజు కాబట్టి అది నీకు అడ్వాంటేజ్, వదులుకోకు.

లెక్కల_సార్:

నాయనా, ఇది ఒప్పుకోను. ఆ అమ్మాయే చెప్తోంది రాత్రి రెండింటి దాకా కూర్చుంటే పొద్దున ఏమీ ఎక్కడం లేదని, పరీక్షేమో పొద్దున తొమ్మిదికి. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మెదడు చురుగ్గా ఉండాలంటే ఇవాళ్టి నుంచే పదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేవాలి, గ్రాండ్ టెస్ట్ కూడా సరిగ్గా ఆ టైంలోనే రాయాలి. గ్రాండ్ టెస్ట్ మార్కులు తగ్గాయంటే చదువు తగ్గి కాకపోవచ్చు, అలసటే కావచ్చు.

ఆ వీడియోల సంగతి కూడా చెప్తాను. ఒక్కో షిఫ్ట్‌కి ఒక్కో పేపర్, కష్టం సులువు తేడా ఉంటే దాన్ని మార్కుల్లో సర్దడానికి నార్మలైజేషన్ ఉంది. నిన్నటి పేపర్‌లో మాత్రికలు ఎక్కువ వచ్చాయని తెలిస్తే ఈ రాత్రికి నువ్వు చేయగలిగిందేముంది? పేపర్ టఫ్ అని పది మంది అరవడం వినడం తప్ప. ఆ రెండు రోజులు ఫోన్ అమ్మకి ఇచ్చేయి.

ఈసీఈ_రెండో_ఏడు:

చెల్లీ, నేనూ తెలుగు మీడియమే, ఇప్పుడు జేఎన్‌టీయూలో చదువుతున్నా. మనవాళ్లు సిలబస్ గురించి భయపడతారు కానీ కంప్యూటర్ గురించి అస్సలు ఆలోచించరు. ఈఏపీసెట్ వెబ్‌సైట్‌లోనే మాక్ టెస్ట్ ఉంటుంది, ఒక్కసారైనా నెట్ సెంటర్‌లో కూర్చుని మౌస్‌తో రాయి, ఫోన్‌లో కాదు. ఆప్షన్ పెట్టాక సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కాలి. అది నొక్కకుండా పక్కనున్న నంబర్ మీద నొక్కి వేరే ప్రశ్నకు వెళ్లిపోతే పెట్టిన జవాబు సేవ్ అవ్వదు. జవాబు పెట్టి రివ్యూకి మార్క్ చేసినవి లెక్కలోకి వస్తాయి, జవాబు పెట్టకుండా ఉత్త మార్క్ చేసినవి రావు, చివరి పది నిమిషాల్లో చూడాల్సింది వాటినే. కీబోర్డ్ ముట్టుకోవద్దు.

ప్రశ్న ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కనపడుతుంది. తెలుగులో ఏదైనా తేడాగా అనిపిస్తే ఇంగ్లీషు చూడు, తేడా వస్తే ఇంగ్లీషుదే ఫైనల్. అందుకని ఈ వారంలో చాప్టర్ పేర్లు, ముఖ్యమైన పదాలు ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఒకసారి కళ్లతో చూసుకో, బట్టీ పట్టక్కర్లేదు.

ఫిజిక్స్ భయం అన్నావు, సెమీకండక్టర్లు, పరమాణువు, కేంద్రకాలు, ఉష్ణగతికశాస్త్రం చూసుకో, సూత్రం తెలిస్తే చాలావరకు నేరుగా వస్తాయి. మితులు (డైమెన్షన్లు) బాగా వస్తే మిగతా చాప్టర్లలో కూడా మితులు సరిపోని ఆప్షన్ కొట్టేయొచ్చు. కెమిస్ట్రీకి తెలుగు అకాడమీ పుస్తకం చాలు, పాలిమర్లు, జీవాణువులు, పర్యావరణ రసాయనం, పి-బ్లాక్, ఇవి చివరి మూడు సాయంత్రాలకు ఉంచుకో. ఇప్పుడు చదివి పక్కన పెడితే అప్పటికి మర్చిపోతాం.

వనస్థలిపురం_అమ్మ:

తల్లీ, మా అమ్మాయిని ఇలాంటి సెంటర్‌కే తీసుకెళ్లాను కాబట్టి చెప్తున్నా. ఒక్క నిమిషం లేటైనా లోపలికి రానివ్వరు. నల్గొండ నుంచి ఆ పొద్దున బయల్దేరొద్దు, ముందురోజే ఎల్బీనగర్ వైపు చుట్టాలు ఎవరైనా ఉంటే అక్కడికి వచ్చేయండి, నాన్నని ఆ సాయంత్రమే సెంటర్ చూసి రమ్మను. ఆ కాలేజీలు మెయిన్ రోడ్డుకి లోపలికి ఉంటాయి, ఆటోలు ఎప్పుడూ దొరకవు. ఏడున్నరకు గేటు దగ్గర ఉండేలా చూసుకోండి.

హాల్ టికెట్, ఫోటో అంటించి సంతకం చేసిన అప్లికేషన్ ప్రింట్, పెన్ను, ఒక ఐడీ కార్డు, అన్నీ ముందురోజే ఒక కవర్‌లో పెట్టుకో. వాచీ వద్దు, స్క్రీన్ మీద టైం కనపడుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు కాబట్టి ఈ లోపు ఇంట్లో పెళ్లిళ్లున్నా చేతికి గోరింటాకు పెట్టుకోకు. చుట్టాలింట్లో రాత్రి కబుర్లు మొదలవుతాయి, ఎన్నో ర్యాంకు వస్తుంది అని అడుగుతారు, మొహమాటపడకుండా భోంచేసి వెళ్లి పడుకో. వాళ్లేమీ అనుకోరు, అనుకున్నా పర్వాలేదు.

నల్గొండ_ఎంపీసీ:

అందరికీ చాలా థ్యాంక్స్. నెగెటివ్ మార్కులు లేవని విన్నాను కానీ నిజంగా నమ్మలేదు సార్, అందుకే వదిలేస్తూ వచ్చాను. మొన్నటి గ్రాండ్ టెస్ట్ తీసి ఆప్షన్లను అవకలనం చేసి చూశాను, వదిలేసిన సమాకలనుల్లో మూడు వచ్చాయి. ఇంకొక్కటి అడుగుతాను. ముందురోజు గ్రాండ్ టెస్ట్ రాయాలా వద్దా?

లెక్కల_సార్:

వద్దు. చివరిది రెండు రోజుల ముందు రాయి, ఆ సాయంత్రం తప్పులు చూసుకో. ముందురోజు పొద్దున నీ చేత్తో రాసుకున్న సూత్రాల నోట్స్ ఒకసారి తిరగెయ్యి, మధ్యాహ్నం బస్సెక్కు. రిజల్ట్ వచ్చాక కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇక్కడే రాయి, నీ ర్యాంకు చూసి ఏ కాలేజీలు ముందు పెట్టాలో చెప్తాను.