డాక్టరమ్మని గ్రీకులో "యత్రోస్" అనాలా, "యత్రీన" అనాలా?

వైజాగ్_టు_పిరేయస్

నమస్తే అండీ. మాది వైజాగ్. మావారికి షిప్పింగ్ ఆఫీసులో ఉద్యోగం, ఏడాదిగా గ్రీసులోని ఓడరేవు ఊరు పిరేయస్‌లో ఉంటున్నాం. గ్రీకు క్లాసులకి వెళ్తున్నాను, ఇప్పుడు ఉద్యోగాల పాఠం నడుస్తోంది. గ్రీకు మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను, ఒత్తి పలికే అచ్చుకి దీర్ఘం పెడుతున్నాను.

"మరియ డాక్టరు" అని రాయమంటే "ఇ మరీయ ఈనె యత్రీన" అని రాశాను. టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేసి "యత్రోస్" అని దిద్దారు. అది మగవాళ్ళ మాట కదా అని అడిగితే, ఆడవాళ్ళకీ అదేనట. యత్రీన అనడం మర్యాద కాదట. నాకా మాట నేర్పింది మా పక్కింటి ముసలావిడ. మోకాళ్ళ నొప్పులకి వెళ్ళేటప్పుడల్లా "పాఒ స్తి యత్రీన" (డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నా) అంటుంది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి మాట తప్పెలా అవుతుంది? టీచరు దాస్కలొస్ అయితే టీచరమ్మ దస్కాల. అమ్మే అతను పొలితీస్, అమ్మే ఆమె పొలీత్రియ. వంటవాడు మాయిరస్, వంటామె మయీరిస. ఇన్ని నేర్పి డాక్టరు దగ్గర ఎందుకు ఆపేశారు?

అనువాదకుడు_హైదరాబాద్

మీ టీచరు దిద్దింది సరైనదే అండీ. కారణం మాత్రం సగమే చెప్పారు.

గ్రీకులో చాలా ఉద్యోగాల పేర్లకి ఆడా మగా ఒకటే రూపం. దికిగోరొస్ (లాయరు), ఇపుర్గోస్ (మంత్రి), ఇథొపియోస్ (నటుడైనా నటి అయినా), ప్రోఎద్రొస్ (అధ్యక్షుడైనా అధ్యక్షురాలైనా). ఆడో మగో చెప్పేది ముందున్న చిన్న మాట: మగవారికి "ఒ", ఆడవారికి "ఇ". 2020లో కతెరీన సకెలరొపూలు గ్రీసు తొలి మహిళా అధ్యక్షురాలు అయినప్పుడు ఆమెను "ఇ ప్రోఎద్రొస్" అన్నారు, మాట చివర ఏమీ మారలేదు. మనం రాష్ట్రపతి అన్న మాటను ద్రౌపది ముర్ము గారికి అలాగే వాడుతున్నట్టు.

మనవాళ్ళు తడబడేది ఇక్కడ. యత్రోస్ చివర "ఒస్" వినబడగానే పక్కన విశేషణానికీ "ఒస్" తగిలిస్తారు. మంచి డాక్టరు మగవాడైతే "ఒ కలోస్ యత్రోస్", ఆడమనిషైతే "ఇ కలీ యత్రోస్". డాక్టరమ్మతో అంటే "మె తి యత్రో", డాక్టరమ్మ యొక్క అంటే "తిస్ యత్రూ". ఇది పట్టుబడితే సగం పాఠం వచ్చేసినట్టే.

ఇక "ఈన" అనే తోక సంగతి. పూర్వం అది ఎక్కువగా ఫలానావారి భార్య అని చెప్పడానికి వాడేవారు. 1821 స్వాతంత్ర్య పోరాటంలో అగమెమ్నొన్ అనే సొంత ఓడతో యుద్ధానికి వెళ్ళిన లస్కరీన బుబులీనకి ఆ పేరు ఎలా వచ్చింది? ఆమె భర్త బూబులిస్. ఓడ ఆమెది, యుద్ధం ఆమెది, పేరు మాత్రం భర్తది. మన "దొరసాని" ఎక్కువగా దొర భార్యే కదా. చదువుకుని డాక్టరైన ఆమెను ఆ తోకతో పిలిస్తే కొంతమందికి నచ్చకపోవడానికి కారణం ఇదే.

సాలొనీకా_విద్యార్థిని

అనువాదకుడు గారూ, గౌరవంగానే విభేదిస్తున్నాను. నేను థెస్సలొనికిలో చదువుతున్నాను, ఈ వాదన ఇక్కడ రోజూ వింటాను.

పొలితీస్‌కి పొలీత్రియ ఉంది. ప్రొఫెసరు కథియితీస్‌కి కథియీత్రియ ఉంది. మరి పార్లమెంటు సభ్యుడు వులెఫ్తీస్‌కి వులేఫ్త్రియ ఎందుకు ఉండకూడదు? అంతా అదే అచ్చు, అదే సూత్రం. అమ్మకాలు చేసే ఆమెకి, నర్సుకి, కార్మికురాలికి స్త్రీ రూపాలు ఎప్పటినుంచో ఉన్నాయి. మంత్రికి, జడ్జికి, ఎంపీకి వచ్చేసరికి మగ రూపమే గౌరవం అయిపోతుంది. ఇది వ్యాకరణం పెట్టిన అడ్డు కాదు.

చరిత్ర చూడండి. గ్రీసులో ఆడవాళ్ళు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసే హక్కు 1952లో వచ్చింది, తొలి మహిళా ఎంపీగా ఎలేని స్కూర 1953లో గెలిచింది. అప్పటి ప్రభుత్వ భాష కథరేవుస, అంటే మన గ్రాంథికం లాంటిది. 1976లో దాన్ని పక్కన పెట్టి వాడుక భాషను అధికార భాష చేశారు. ఆఫీసుల్లోకి ఆడవాళ్ళు వచ్చిన తొలిరోజుల్లో అక్కడ నడిచింది ఆ గ్రాంథికమే, అందుకే పాత రూపానికి "ఇ" తగిలించి సరిపెట్టారని నా అభిప్రాయం.

నేర్చుకునేవాళ్ళ వైపు నుంచి కూడా చెప్తాను. "ఆ మహిళా ఎంపీ యొక్క" అనాలంటే "తిస్ వులెఫ్తీ" అనాలా, గ్రాంథికంలా "తిస్ వులెఫ్తూ" అనాలా అని గ్రీకులే ఆగిపోతారు. "తిస్ వులేఫ్త్రియస్" అంటే ఏ ఇబ్బందీ లేదు, మామూలు స్త్రీలింగ పదంలా నడుస్తుంది. ఇప్పుడు కొన్ని పత్రికలు ఈ రూపమే రాస్తున్నాయి.

గుంటూరు_బైబిల్_గ్రీకు

నేను పాత గ్రీకు చెప్పేవాణ్ణి, కొత్త గ్రీకు కొద్దిగానే వచ్చు. కానీ ఈ గొడవ నిన్నమొన్నటిది కాదని చెప్పడానికి వచ్చాను.

బైబిల్లో రోమా పత్రిక 16:1లో పౌలు ఫీబే అనే ఆమెని "దియాకొనొస్" అంటాడు, మగవారికి వాడే రూపమే. తెలుగు బైబిల్లో అది "పరిచారకురాలు" అయింది. మన భాష తోక అడిగింది, గ్రీకు అడగలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, ఏథెన్స్ ప్రాంతంలో దొరికిన క్రీ.పూ. 4వ శతాబ్దపు సమాధి రాయి మీద ఫనొస్త్రాతె అనే ఆమెను "మంత్రసాని, వైద్యుడు" అన్నట్టుగా చెక్కారు. వైద్యురాలన్న చోట ఉన్నది మగవారికి వాడే ఆ "ఇయత్రోస్" రూపమే. అలాగని సాలొనీకా చెల్లెమ్మ వాదన కొట్టిపారేయలేం. రోమన్ల కాలపు శాసనాల్లో "ఇయత్రినె" అనే స్త్రీ రూపం కూడా ఉంది. ఆ పక్కింటి ముసలమ్మ మాటకి అంత వయసుంది.

అనువాదకుడు_హైదరాబాద్

ఫనొస్త్రాతె సంగతి నాకు తెలియదు మాస్టారూ, చాలా సంతోషం. వులేఫ్త్రియ విషయంలో చెల్లెమ్మ వాదన ఒప్పుకుంటున్నాను, పొలీత్రియ పోలికకి నా దగ్గర జవాబు లేదు. యత్రీన మీద మాత్రం కదలను. అది మాట్లాడుకునే మాట. ఆసుపత్రి కౌంటరు దగ్గర, దరఖాస్తులో, ఎలినొమాథియ (గ్రీకు భాషా ధ్రువపత్రం) పరీక్షలో "ఇ యత్రోస్" రాయండి. ఇంట్లో ముసలావిడ అంటే హాయిగా అర్థం చేసుకోండి. తప్పు అని ఎర్ర ఇంకుతో కొట్టేయడం కంటే "ఇంట్లో మాట" అని పక్కన రాసి ఉంటే బాగుండేది.

కాకినాడ_మెరైనర్

గ్రీకు యజమానుల ఓడల్లో పనిచేశాను, ఒక చిన్న సాయం. ఉద్యోగం చెప్పేటప్పుడు ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి అక్కా. ఇంగ్లీషులో ఆలోచిస్తే "ఒక డాక్టర్ని" అని "ఎనస్" పెట్టేస్తారు. గ్రీకులో ఉత్త "ఈమె యత్రోస్" చాలు, మన "నేను డాక్టర్ని"లో "ఒక" లేనట్టే. ఆ "ఈమె" అంటే గ్రీకులో "నేను ఉన్నాను" అని. మొదటిసారి మా చీఫ్ ఇంజనీరు తన గురించి "ఈమె" అంటుంటే ఏ ఆడమనిషి గురించో అనుకున్నాను. తెలుగువాళ్ళకి ఇక జన్మలో మర్చిపోని మాట.

పనిచేసే చోటు కూడా అంతే. "దులేవొ సె నొసొకొమీఒ" అంటే ఏదో ఒక ఆసుపత్రిలో పని. ఇద్దరికీ తెలిసిన ఫలానా ఆసుపత్రి అయితే "స్తొ నొసొకొమీఒ". నేను "దులేవొ సె ప్లీఒ" (ఓడలో పని) అనేవాణ్ణి. మనకి రెండూ "లో" ఒక్కటే కాబట్టి ఈ తేడా కొన్నాళ్ళు ఇబ్బంది పెడుతుంది. చోట్ల పేర్లు మాత్రం తేలిక: బడి స్ఖొలీఒ, ఆఫీసు గ్రఫీఒ, మందుల షాపు ఫర్మకీఒ, పోస్టాఫీసు తఖిద్రొమీఒ. అన్నీ "ఈఒ"తో ముగుస్తాయి, అన్నిటికీ ముందు వచ్చే చిన్న మాట "తొ".

వైజాగ్_టు_పిరేయస్

అందరికీ చాలా థాంక్స్. టెన్షన్ తగ్గింది.

ఇవన్నీ చదివాక సాయంత్రం పక్కింటి ఆవిడని అడిగాను: మన వీధి మందుల షాపులో ఆమెని ఏమంటారు అని. తడుముకోకుండా "ఇ ఫర్మకొపియోస్" అంది. తోక లేదు! మీ మనవరాలు లాయరు కదా, ఆమెని? "ఇ దికిగోరొస్" అని కాస్త గర్వంగా చెప్పింది. మరి డాక్టరుని యత్రీన అంటారేం అంటే, "ఆవిడ నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసమ్మా" అంది.

వచ్చే క్లాసులో యత్రోస్ అనే రాస్తాను. వులేఫ్త్రియ గురించి మాత్రం టీచరుని అందరి ముందూ అడుగుతాను. ఏమన్నారో ఇక్కడ రాస్తాను.