అప్‌డేట్: కొరోల్, క్రాల్, కిరాయ్‌ల మూలం, విభక్తి రూపాలు

'రాజు' అనే అర్థంలో వాడే రష్యన్ 'కొరోల్', చెక్ 'క్రాల్', పోలిష్ 'క్రుల్', హంగేరియన్ 'కిరాయ్' ఒకే మూలానివేనా, అయితే వాటి రూపాలు ఇంత వేరుగా ఎందుకున్నాయని ఇదివరకు అడిగాను. జవాబులను వ్యాకరణాలతో పోల్చి చూశాక తేలినది రాస్తున్నాను.

814లో మరణించిన ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ పేరైన 'కార్ల్' నుంచే ఈ పదం పుట్టిందన్నది ఎక్కువమంది పండితులు అంగీకరించే వివరణ. తొలి స్లావిక్‌లో ఆ పేరు 'కొర్ల్' వంటి రూపం తీసుకుంది; అందులో హల్లుల నడుమ ఉన్న 'ఒర్' రష్యన్ వంటి తూర్పు స్లావిక్ భాషల్లో 'ఒరొ'గా విస్తరించగా, చెక్‌లోనూ దక్షిణ స్లావిక్ భాషల్లోనూ 'రా'గా, పోలిష్‌లో 'రొ'గా (ఈ పదంలో ఇప్పుడు 'రు' అని పలుకుతారు) తారుమారైంది. ఆయన పేరు కూడా ఈ మార్పుకు లోబడిందంటే, ఆ కాలానికి మార్పు ఇంకా ముగియలేదన్నమాట. లిఖిత ఆధారాలు దాదాపు లేని కాలపు ధ్వని పరిణామానికి ఇలాంటి కాలసూచన దొరకడం నాకు ఎంతో విలువైనదిగా తోచింది.

ఇక విభక్తులు: షష్ఠిలో రష్యన్ రూపం 'కొరొల్యా', ఊనిక ప్రత్యయం మీదికి జరుగుతుంది, చెక్‌లో 'క్రాలే', పోలిష్‌లో 'క్రులా'. పోలిష్ బహువచనం 'క్రులొవ్యె'లోని ప్రత్యయం గౌరవనీయులైన పురుషులను సూచించే పదాలకు తరచుగా చేరేది. స్లావిక్ భాష కాని హంగేరియన్ మాత్రం స్లావిక్ నుంచి పదాన్నే తీసుకొని, మొదటి జంట హల్లును అచ్చుతో విడదీసి, సొంత ప్రత్యయాలనే చేర్చుకుంది: 'కిరాయొక్' అంటే రాజులు.