ఆ హైకూలో ఉన్నది ‘త్సుబ’ కాదా?

పాతఇనుము:
నిన్నటి నుంచి ఒక పాదం బుర్రలో తిరుగుతోంది, పూర్తిగా అందడం లేదు. జపాన్ కవి బషో హైకూ. మొదట వేసవి గడ్డి, చివర కల. మధ్య పాదం ‘త్సుబ... మొనొ...’ అని గుర్తు. జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య ఉండే బిళ్ళే త్సుబ. పదేళ్ళుగా నేను పోగుచేసేవి అవే. గడ్డిలో పడి ఉన్న త్సుబను చూసి కవి రాశాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. సరైన పాఠం ఎవరికైనా తెలుసా?

అరసున్న:
అది ‘త్సువమొనొ’ అండీ. యోధులు. 1689లో హిరైజుమిలో రాసింది. యొషిత్సునె అనే యోధుడు 1189లో అక్కడే చనిపోయాడు, సరిగ్గా 500 ఏళ్ళు. తలమీది టోపీ తీసి కింద పరుచుకుని చాలాసేపు ఏడ్చానని బషో తనే రాసుకున్నాడు. ఆ వాక్యం చదివాక హైకూ చదివితే గొంతు పట్టేస్తుంది. త్సుబ ప్రసక్తి ఎక్కడా లేదు.

ౘుక్క:
పాఠం సరే. అసలు మనం ‘త్సు’ అని రాయడం ఎందుకు? మనకు ౘ ఉంది. ౘాప, ౘుక్క, ౘూపు. ‘ౘుబ’ అని రాస్తే జపాన్‌వాళ్ళు పలికినట్టే ఉంటుంది. ఇంకో సంగతి చూడండి. వాళ్ళ త వరసలో ఇ ముందు ‘చి’, ఉ ముందు ‘ౘు’. మన అచ్చతెలుగు మాటల్లోనూ అంతే: చిలుకలో తాలవ్యం, ౘుక్కలో దంత్యం. పుస్తకాల్లో ఆ అక్షరం పోగొట్టుకున్నాం గానీ నోట్లో ఇంకా ఉంది.

అరసున్న:
ౘు అంటే నాకూ ఇష్టమే. కానీ ‘త్సరువు’ను కూడా ౘరువు అంటామా? అమరంలోనే ఉంది, కత్తిపిడి. జపాన్‌వాళ్ళు పిడిని ‘త్సుక’ అంటారు. బౌద్ధంతో పాటు త్సరువే అక్కడికి వెళ్ళి త్సుక అయిందని నా నమ్మకం.

ఒరలేనికత్తి:
ఆ నమ్మకం వదులుకోవాలండీ. త్సుక వాళ్ళ సొంత మాట. ‘త్సుకము’ అంటే పట్టుకోవడం. త్సుక అంటే పిడికిలి వెడల్పు కొలత కూడా. వాళ్ళ పురాణాల్లో పది పిడికిళ్ళ కత్తిని ‘తొత్సుక నొ త్సురుగి’ అంటారు. మనకు పిడి, పిడికిలి లేవూ? అచ్చంగా అదే చుట్టరికం. సంస్కృతం దాకా పోనక్కర్లేదు.

ౘుక్క:
పిడి, పిడికిలి! ఇది నాకు తట్టలేదు. మరి ‘కొజుక’? కొ అంటే చిన్న, దానికి త్సుక కలిస్తే ‘కొజుక’, ఒర పక్కన దూర్చే చిన్న కత్తి పిడి. మన కూరగాయలాగే ఇదీ గసడదవాదేశమే.

అరసున్న:
కాదండీ. గసడదవలో చకారానికి సకారం వస్తుంది. ఇక్కడ వచ్చింది ౙకారం, కాబట్టి సరళాదేశం అనాలి.

ౘుక్క:
సరళాదేశానికి ద్రుతం కావాలి. కొ-లో ద్రుతం ఎక్కడుంది?

పాతఇనుము:
ఆ కొజుక దూరే రంధ్రమే నా త్సుబకు ఉంది! ఇప్పుడు చేతిలోనే పెట్టుకుని రాస్తున్నాను. ఇనుముది, 7.6 సెం.మీ., అంచు దగ్గర మందం 5 మి.మీ. మధ్య రంధ్రం పైనా కిందా రాగి ముక్కలు బిగించారు, చుట్టూ ఉలి దెబ్బలు. అంటే కనీసం రెండు మూడు కత్తులకు మార్చి మార్చి వాడారు. పక్క రంధ్రాల్లో ఒకటి సీసంతో పూడ్చారు. అంచు మీద వేలు పోనిస్తే సన్నగా గట్లు తగులుతాయి. వాటిని ‘తెక్కొత్సు’ అంటారు, ఇనుప ఎముకలు. మధ్య రంధ్రానికి ఎడమన రెండు అక్షరాలు, ‘నొబుఇయె’ అని చదువుకున్నాను.

ఒరలేనికత్తి:
నొబుఇయె పేరుమోసిన త్సుబ పనివాడు, ఆ పేరు కనబడగానే నమ్మకండి. ఆ పేరు చెక్కిన నకళ్ళు లెక్కలేనన్ని. ముందు ఇనుము రంగు, గట్లు, ఉలి దెబ్బలు చూడాలి, పేరు చివర. 1876లో కత్తి ధరించడాన్ని నిషేధించాక త్సుబలు కత్తుల నుంచి విడిపోయి గుట్టలుగా యూరప్ చేరాయి. కొనేవాళ్ళ కోసం పేర్లు చెక్కినవాళ్ళూ ఉన్నారు. ఒక్క మాట: ఆ తుప్పును గీకేయకండి, మెత్తటి నూలుగుడ్డతో రుద్దండి, చాలు.

అరసున్న:
త్సుబకు తెలుగేమిటి మరి? పరుజు అనొచ్చా?

ౘుక్క:
పరుజు పిడి కదండీ, అడ్డుబిళ్ళ కాదు. పైన ఆయన అలవోకగా ‘బిళ్ళ’ అన్నారే, అదే నచ్చింది నాకు.

ఒరలేనికత్తి:
బిళ్ళ మరీ తేలిక. సుకషి పనితనం చూడండి, కొంగ రెక్క ఒక్కటి మిగిల్చి చుట్టూ ఇనుమంతా తొలిచేస్తారు. దాన్ని బిళ్ళ అనడానికి నాకు నోరు రాదు. ఇంకోటి, పాత జపనీస్‌లో త్సువమొనొ అంటే ముందు ఆయుధాలు, తర్వాతే యోధులు. పాతఇనుము గారూ, మీ చెవి మరీ తప్పు వినలేదు.

అరసున్న:
బషో నాటికి ఆ అర్థం లేదు.

ఒరలేనికత్తి:
లేదని ఎలా అంటాం? త్సువమొనొ తర్వాత ‘దొమొ’ అని బహువచనం పెట్టాడు...

పాతఇనుము:
ఆ ‘దొమొ’ మనుషులకేనా, వస్తువులకూ వస్తుందా? అది కాస్త ఎవరైనా చెప్పండి.