సమస్యాపూరణం: రాతి నెత్తురు సౌరభరాశి యయ్యె

నిర్వాహకుని మాట:

ఈ వారం సమస్య తేటగీతి పాదం. తొలకరి చినుకుకు నేల విడిచే కమ్మదనాన్ని ఇంగ్లీషులో ‘పెట్రికోర్’ అంటారు. ఆ మాట అర్థం పూరణలో ఇమడాలన్నదే నిబంధన. వినడానికి ప్రాచీన కావ్యంలోనిదిలా ఉన్న ఈ మాటను 1964లో ఇజబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసంలో కల్పించారు. అంతకుముందు దానిని బంకమట్టి వాసన అనేవారు. అది మట్టికే పరిమితం కాదని చూపుతూ, ఎండిన రాళ్లకు ఆవిరి పట్టి తీసిన పసుపుపచ్చని తైలానికి వారు ఈ పేరు పెట్టారు. తైలానికి పెట్టిన పేరు వాడుకలో వాసనకే స్థిరపడిపోయింది.

అనంతపురం సభ్యుని పూరణ:

ఎండి బీటలు వారిన యీ పొలాన
తొలకరించిన మేఘము తొంగిచూడ
చినుకు సోకిన గడియకే సీమలోని
రాతి నెత్తురు సౌరభరాశి యయ్యె.

నిర్వాహకుడు:

ధార బాగున్నది, అభినందనలు. మొదటి పాదంలో ‘ఎండి’ అనడం వల్ల మాట అర్థం సరిగ్గా నిలిచింది, ఎందుకంటే ఎండకాలమంతా మొక్కల నుంచి వెలువడే తైలాలు మట్టిలో, రాళ్లలో ఇంకి చేరితేనే తొలి తడికి ఆ వాసన లేస్తుంది. అయితే రాతికి నెత్తురెక్కడిదన్న ప్రశ్నకు మీ పద్యంలో సమాధానం లేదు. సమస్యలోని విరోధం విడిపోకపోతే పూరణ వర్ణనగానే మిగిలిపోతుంది.

విశాఖ సభ్యురాలి పూరణ:

శ్రావణంబున వారాలు సాగి కురియు
జోరు వానలో నిది పెట్రిచోరటంచు
మురిసి పలికెను మనుమఁడు మోము విరియ
రాతి నెత్తురు సౌరభరాశి యయ్యె.

నిర్వాహకుడు:

అమ్మా, మనుమని మోము విరియడం ఎంతో ముచ్చటగా ఉన్నది. కాని రెండవ పాదంలో రెండు దోషాలున్నాయి. ఆ మాటలో ‘చ’ లేదు, ‘క’ ఉన్నది. ‘పెట్రికోరు’ అని సరిగా పలికితే జో–కో లకు యతి చెల్లదు. రెండవది అర్థానికి సంబంధించినది: వారాల తరబడి నాని ఉన్న నేలకు ఈ మాట వర్తించదు. అప్పుడు వచ్చేది వట్టి తడి వాసన. ‘వాన వాసన’ అని ఇంగ్లీషులోనూ చాలామంది దీనిని వదులుగా వాడుతున్నారు గాని, కవి అలా వాడకూడదని నా గట్టి అభిప్రాయం. దయచేసి సవరించండి.

హన్మకొండ సభ్యుని పూరణ:

పెట్ర యన శిల, యైకోరు వేల్పు రుధిర
మనుచు యవనులు పలికిన మాటఁ గలిపి
పుడమి తొలివాన తావికిఁ బొసఁగఁ జేర్ప
రాతి నెత్తురు సౌరభరాశి యయ్యె.

నిర్వాహకుడు:

సమస్య ముడి ఇక్కడ విడిపోయింది. గ్రీకు పురాణాలలో దేవతల ఒంట నెత్తురుకు బదులు పారే ద్రవం ‘ఐకోర్’. ఆ వ్యుత్పత్తినే పద్యంగా మలచి విరోధాన్ని పరిహరించారు. కలిసినవి రెండు మాటలు గనుక ‘మాటఁ గలిపి’ని ‘మాట లతికి’ అని మారిస్తే వచనదోషం తొలగుతుంది.

హన్మకొండ సభ్యుడు:

సవరణకు ధన్యవాదాలు, గురువుగారూ. ఒక విషయం విన్నవించుకుంటాను. మన తార్కికులు ‘గంధవతీ పృథివీ’ అని భూమికి గంధాన్నే లక్షణంగా చెప్పారు కదా. రాయి కూడా పృథివే అయినప్పుడు దానికి వాసన ఎందుకు లేదని ఆక్షేపణ వస్తే, ఉన్నది గాని పైకి తెలియదు, లేకపోతే రాతిని కాల్చిన భస్మంలో ఎలా తెలుస్తుందని బదులిచ్చారు. ఇంగ్లీషు మాట పుట్టడానికి ఎన్నో తరాల ముందే మనవాళ్లు రాతిలో దాగిన గంధాన్ని గురించి వాదించుకున్నారు.

నిర్వాహకుడు:

చాలా విలువైన మాట చెప్పారు. కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని రాగి పాత్రలలో మరిగించి, ఆవిరిని గంధపు తైలంలోకి పట్టి తీసే మట్టి అత్తరును కూడా ఇక్కడ తలచుకోవాలి. బేర్, థామస్‌లు సైతం తమ వ్యాసంలో దానిని ప్రస్తావించారు.

విశాఖ సభ్యురాలి సవరించిన పూరణ:

మా పెరటి రాతిగోడ మీద తొలిచినుకులు పడి నల్లని మచ్చలు ఏర్పడినప్పుడు మనుమడు ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాడు. అసలు రాయవలసినది అదే.

ఎండ లుడుగఁగ మృగశిర యేఁగుదేర
గోడ తడియఁగ నిది పెట్రికోరటంచు
మురిసి పలికెను మనుమఁడు మోము విరియ
రాతి నెత్తురు సౌరభరాశి యయ్యె.

నిర్వాహకుడు:

గో–కో లకు యతి కుదిరింది, కార్తె కుదిరింది, గోడ వల్ల రాయి కూడా పద్యంలోకి వచ్చింది. అభినందనలు, అమ్మా.