‘నాకు ఇంగ్లిష్ రాదు’లోని ‘నాకు’

మా ఇంగ్లిష్ నేర్చుకునే గుంపులో ఒకావిడ అడిగారు: “‘నాకు నిద్ర వస్తోంది’ని ‘ఐయామ్ గెటింగ్ స్లీప్’ అన్నాను. మా టీమ్‌లో అమెరికా ఆవిడ నవ్వింది. గ్రామర్ అంతా సరిగానే ఉంది కదండీ?”

కాలాల పట్టిక ప్రకారం చూస్తే తప్పు పట్టడం కష్టమేనండీ. కర్త ఉంది, క్రియ ఉంది, కాలం కుదిరింది. తేడా వచ్చింది ‘నాకు’ దగ్గర.

మనంతట మనం చేసే పనులకు తెలుగులో ‘నేను’ వాడతాం: వెళ్లాను, తిన్నాను, రాశాను. మన ప్రమేయం లేకుండా కలిగేవాటికి ‘నాకు’: ఆకలేస్తోంది, జలుబు చేసింది, కోపం వచ్చింది, గుర్తుంది, నచ్చింది, వినపడలేదు. ఈ రెండో రకంలో వాక్యాన్ని నడిపేది ఆకలి, జలుబు, కోపం. అవే వస్తాయి, వేస్తాయి, చేస్తాయి. విద్యలూ అంతే: ఈత వచ్చు, వంట వచ్చు, ఇంగ్లిష్ రాదు. ఇది మన ఒక్కరి తీరు కాదు. తమిళంలో ‘ఎనక్కు తెరియుమ్’, కన్నడంలో ‘ననగె గొత్తు’, హిందీలో ‘ముఝే మాలూమ్ హై’. హిందీ నేర్చుకునేటప్పుడు మనకు ఈ చోట ఇబ్బంది రాకపోవడానికి కారణం అదే.

ఇంగ్లిష్ వీటిని చాలావరకు ‘ఐ’ కిందికి తెచ్చేసింది. ఒకప్పుడు దానికీ మన పద్ధతి ఉండేది. షేక్‌స్పియర్ నాటకాల్లో కనిపించే ‘మీథింక్స్’ అచ్చంగా ‘నాకు తోస్తోంది’. ‘లైక్’ అనే క్రియకు పాత ఇంగ్లిష్‌లో ‘నచ్చు’ అనే అర్థం. నచ్చిన వస్తువు కర్త, నచ్చిన మనిషికి చతుర్థీ విభక్తి (మన ‘నాకు’లో ‘కు’ లాంటిది). విభక్తులు రాలిపోతూ వచ్చాక అది ‘ఐ లైక్’గా స్థిరపడింది. ‘ఇట్ సీమ్స్ టు మి’ లాంటి చోట్ల ఆ పోలిక ఇంకా కనిపిస్తుంది.

బజార్లో దొరికే స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాల మీద నా ఫిర్యాదు ఇదే. పన్నెండు కాలాల పట్టికలూ ‘నేను వెళ్తాను, వెళ్తున్నాను, వెళ్లాను’ అంటూ నడుస్తాయి. ఇంట్లో, ఫోన్‌లో మన నోట వచ్చేవి మాత్రం ఎక్కువగా ‘నాకు’ వాక్యాలు. పట్టికలన్నీ బట్టీ పట్టినవాళ్లు కూడా కాల్‌లో మాట వినపడకపోతే ‘యువర్ వాయిస్ ఈజ్ నాట్ కమింగ్’ అనేస్తారు. ‘ఐ కాన్ట్ హియర్ యూ’లో తెలియని మాట ఒక్కటీ లేదు. కానీ బుర్రలో ఉన్నది ‘వాయిస్ రావట్లేదు’ కదా, వాక్యం వాయిస్‌తోనే మొదలవుతుంది.

అందుకని ఒక పని చేయండి. రోజూ మీరు నిజంగా అనే ‘నాకు’ వాక్యాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. వెంటనే ఇంగ్లిష్ చేయకుండా ముందు గుంపులుగా విడదీయండి. ఒంటికి, మనసుకు కలిగేవి చాలావరకు ‘ఐయామ్’లోకి పోతాయి: హంగ్రీ, థర్స్టీ, కోల్డ్, స్లీపీ, స్కేర్డ్. ఇక్కడ ‘వస్తోంది’, ‘వేస్తోంది’లకు మాట వెతకొద్దు, ‘గెటింగ్’ దూరేది ఆ సందులోంచే. తెలియడం, గుర్తుండడం, అర్థం కావడం, కావాలనిపించడం మామూలు క్రియలు: నో, రిమెంబర్, అండర్‌స్టాండ్, వాంట్. ‘ఐయామ్ నోయింగ్’ అనకూడదు. ‘వచ్చు’కు ‘కెన్’ సరిపోతుంది; ‘ఐ నో డ్రైవింగ్’ కన్నా ‘ఐ కెన్ డ్రైవ్’ సహజంగా ఉంటుంది. తర్వాత ఆ వాక్యాన్ని ఆకలేసినప్పుడు, చలేసినప్పుడు, ఆ క్షణంలోనే పైకి అనండి. ముందు ‘ఐ’ అనేసి ఆగినా ఫర్వాలేదు.

తిప్పలు ఎక్కువ పెట్టేది ‘ఉంది’. ‘నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు’ అంటే ‘ఐ హ్యావ్ టూ కిడ్స్’. ‘షి ఈజ్ హ్యావింగ్ టూ కిడ్స్’ అంటే వినేవాళ్లు ఆవిడకు కవలలు పుట్టబోతున్నారనుకునే ప్రమాదం ఉంది. అలాగని ‘హ్యావింగ్’ను నిషేధించనక్కర్లేదు. ‘హ్యావింగ్ లంచ్’ బాగానే ఉంటుంది, అక్కడ భోంచేయడం అనే పని జరుగుతోంది.

నిఘంటువు గురించి ఒక మాట. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో బ్రౌన్, శంకరనారాయణ నిఘంటువులు వెతికితే అర్థం దొరుకుతుంది. ఆ మాట వాక్యంలో ఎలా కూర్చుంటుందో చూడాలంటే నేర్చుకునేవాళ్ల కోసం చేసిన ఇంగ్లిష్–ఇంగ్లిష్ నిఘంటువు కావాలి. జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి అక్కడి విద్యార్థుల కోసం అలాంటిది తయారుచేశారు. 1942లో టోక్యోలో వచ్చిన ఆ నిఘంటువునే 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. ఏ క్రియ ఏ తరహా వాక్యంలో ఇముడుతుందో చూపడం దాని గొప్పతనం. దాని వారసుడు ‘ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది. అర్థం చదివి వదిలేయకుండా కింద ఇచ్చిన ఉదాహరణలు పైకి చదవండి.

ఈ పోస్టు కింద వచ్చిన రెండు ప్రశ్నలకు ఇక్కడే జవాబు చెప్తాను.

“ఇండియన్ ఇంగ్లిష్ కూడా ఇంగ్లిషే కదన్నా, ఎందుకు మార్చుకోవాలి?” మనలో మనం మాట్లాడుకునేటప్పుడు మార్చుకోనక్కర్లేదు తమ్ముడూ. హైదరాబాద్ ఆఫీసులో ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే ప్రశ్న అడగబోతున్నావని అందరికీ తెలుసు. డాలస్‌లో అదే మాట అంటే, నువ్వు వాళ్లు చెప్పింది నమ్మట్లేదని అనుకోవచ్చు. అక్కడ ‘క్వశ్చన్’ అను. పరీక్ష రాసేటప్పుడూ అంతే.

“‘నాకు నవ్వొచ్చింది’ని ఏ గుంపులో పెట్టాలండీ?” మంచి చిక్కే పెట్టారు. ‘ఐ లాఫ్డ్’ అంటే ‘నవ్వాను’ అయిపోతుంది. మనకు నవ్వొచ్చినా ఆపుకుని కూర్చున్న సందర్భాలు బోలెడు. నవ్వేసి ఉంటే ‘ఇట్ మేడ్ మి లాఫ్’ దగ్గరగా ఉంటుంది, ఆపుకుని ఉంటే ‘ఐ వాంటెడ్ టు లాఫ్’. రెండిటికీ సరిపోయేది ఒక్కటైతే నాకింకా దొరకలేదు. ఎవరికైనా తడితే కింద రాయండి.