గోడకు బూజు పడితే అడ్వాన్స్‌లో కోసేయొచ్చా?

వెనకవాటా:
విశాఖ మధురవాడలో అద్దెకుంటున్నాం, నెలాఖరుకి ఖాళీ చేస్తున్నాం. పడగ్గదిలో బయటి గోడకి, బీరువా వెనక, నల్లటి చుక్కలతో బూజు పట్టింది. ఆ మూల తిరిగితే బాత్రూం గోడ. దానికి కింద జానెడు ఎత్తున పెయింట్ పొంగి పెచ్చులు రాలుతోంది. "కిటికీలు తీయరు, తడిబట్టలు ఇంట్లోనే ఆరేస్తారు" అంటూ ఓనర్ గారు గది మొత్తం పెయింటింగ్ ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకుంటానంటున్నారు. వానాకాలంలో బట్టలు ఇంకెక్కడ ఆరేస్తాం? ఇది న్యాయమేనా?

ఓనర్‌పక్షం:
నేనూ ఒక పోర్షన్ అద్దెకిచ్చినవాణ్ణే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి ఇస్తే కరెంటు బిల్లని వెయ్యరు. ఏసీ కోసం మూసిన కిటికీ మళ్లీ తెరవరు. మీ ముందున్నవాళ్లకి పట్టని బూజు మీకే ఎందుకు పట్టింది?

పైఅంతస్తు:
ముందున్నవాళ్లకి పట్టలేదని ఎవరు చూశారండీ? వాళ్లు వెళ్లగానే ఓ కోటింగ్ వేసి టు-లెట్ బోర్డు పెట్టి ఉంటారు.

తాపీలెక్క:
సైట్ పనులు చూస్తుంటాను కాబట్టి చెబుతున్నా. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చకుండా డబ్బు ఎవరు కట్టాలో తేలదు. మీరు చెప్పినవి ఒక జబ్బు కాదు, రెండు.

పెయింట్ పొంగి, గీకితే తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే నీరు గోడలోంచి వస్తున్నట్టు. అవతల బాత్రూం ఉందంటే టైల్స్ జాయింట్లలో వైట్ సిమెంట్ పోయిందేమో, లోపలి పైపు కారుతోందేమో చూడాలి. ఉప్పు తేలకుండా ఉత్త నల్ల చుక్కలే ఉంటే ఎక్కువగా గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద తేమగా మారడమే.

అనుమానంగా ఉంటే వంటింటి అల్యూమినియం ఫాయిల్ అరచేతంత ముక్క కోసి, నాలుగంచులా గాలి చొరకుండా టేపు వేసి, ఒకటి రెండు రోజులు ఉంచండి. గదివైపు తడి ఉంటే ఇంట్లో ఆవిరి, గోడవైపు తడి ఉంటే గోడలో చెమ్మ.

ఇక కిటికీల మాట. విశాఖలో ముసురు పట్టినప్పుడు బయటి గాలే తడి. అప్పుడు కిటికీ బార్లా తీస్తే, ఏసీతో చల్లబడిన గోడకి ఇంకాస్త తేమ అందించినట్టే. ఎండ కాసిన పూట తీయండి. బీరువాని గోడకి జానెడు దూరం జరిపి ఫ్యాన్ వేయండి. వంటింటినీ మర్చిపోకండి: గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీరు! అన్నం, పప్పు ఉడికేటప్పుడు లేచే ఆవిరి దీనికి అదనం. బట్టల్ని మాత్రమే అంటే ఎలా?

బూజుని పొడి బ్రష్‌తో రుద్దకండి, గదంతా రేగుతుంది. మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి. బ్లీచింగ్ వాడితే అందులో బాత్రూం యాసిడ్ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

స్టాంపుపేపర్:
1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదల మినహా. ఓనర్ చేయాల్సిన రిపేర్లు చెప్పినా సకాలంలో చేయకపోతే మనమే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చనీ అందులోనే ఉంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టమైతే గోడల సున్నం, పైపుల మార్పు ఓనర్ ఖాతాలోనే వేసింది. కానీ అది నమూనా, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలు. ముందు మీ అగ్రిమెంట్ తీసి చూడండి. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అద్దెదారుదే" అని ఉంటే మీ వాదనకి బలం తగ్గుతుంది.

వెనకవాటా:
అగ్రిమెంట్‌లో పెయింటింగ్ మాటే లేదు. ఫాయిల్ పెట్టి చూశాను. బాత్రూం గోడకి వెనకవైపు తడి, బీరువా గోడకి ముందువైపు.

ఓనర్‌పక్షం:
బాత్రూం గోడ ఓనర్‌దే, ఒప్పుకుంటాను. బీరువా గోడ మాత్రం మీదే.

పైఅంతస్తు:
ఆ గదిలో బీరువా ఇంకో చోట పడుతుందో లేదో అడిగారా?

వెనకవాటా:
పట్టదండీ. తలుపు, కిటికీ, మంచం పోను మిగిలింది ఆ గోడే. ఆ ఒక్క గోడ ఖర్చులో సగం ఇస్తానని, బాత్రూం గోడ ఫొటోలతో కలిపి ఓనర్ గారికి వాట్సాప్‌లో పెట్టాను. "ప్లంబర్‌ని పంపుతా" అన్నారు. అడ్వాన్స్ సంగతి ఇంకా తేల్చలేదు.